తాతి, తాత, తోంబం

ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ‘ళ’ని ‘ల’ అన్న పిల్లాణ్ణి బెంచీ ఎక్కించి, ‘కళ్ళు, నీళ్ళు, పళ్ళు’ అని పదిసార్లు అనిపించేవాణ్ణి. ఆ పాపం ఊరికే పోలేదు. రిటైరై చోడవరంలో ఇంటిపట్టున కూచున్నాక మనవరాలి రూపంలో ఎదురొచ్చింది. (2022లో మా ఊరిని అనకాపల్లి జిల్లాలో కలిపారు గానీ నా నాలుక ఇంకా విశాఖ జిల్లాలోనే ఉంది.)

దానికి ఏడాదీ ఎనిమిది నెలలు. నోట్లో పళ్ళు పన్నెండు, మాటలో పాతిక. కకారం పలకదు, దాని చోట తకారం ఆదేశం. కుక్క ‘తుత్త’, కోతి ‘తోతి’. ఇందులో దాన్ని తప్పు పట్టడానికేం లేదు. ‘క’ కోసం గొంతు దాకా వెళ్ళాలి, ‘త’ అయితే పళ్ళ దగ్గరే దొరుకుతుంది. పెదాలు కలిపితే చాలు ‘మామ్మ’ వచ్చేస్తుంది. తన పేరే ముందు పలికిందని మా ఆవిడ వీధంతా చెప్పుకుంది, అందులో తన గొప్పేదో ఉన్నట్టు.

చిక్కల్లా కాకితో వచ్చింది. కాకి ‘తాతి’. నేను ‘తాత’.

పొద్దున్నే పిట్టగోడ మీద కాకి వాలుతుంది. మనవరాలు రెండు చేతులూ ఊపుతూ “తాతి, పో! పో!” అని తరుముతుంది. నేను పేపర్లోంచి తలెత్తేలోగా వంటింట్లోంచి మా ఆవిడ గొంతు: “ఎవర్ని పొమ్మంటోందో సరిగ్గా వినండి.” పోయిన పెద్దలు కాకులై వచ్చి పిండం తింటారని నమ్మేవాళ్ళం కదా మనం. తాతనీ కాకినీ ఒకే మాటతో పిలవడం మరీ అంత తప్పేం కాదు. నా విషయంలో మాత్రం కాస్త తొందరపడింది.

మా ఊళ్ళో స్వయంభూ విఘ్నేశ్వరుడున్నాడు. విగ్రహం పైభాగమే కనిపిస్తుంది, తొండం భూమి లోపల్నుంచి కోనేటి దాకా ఉందని చెప్పుకుంటారు. ఓ రోజు మనవరాల్ని చంకనేసుకుని వెళ్ళాను. జేజకి దణ్ణం పెట్టి, “తోంబం ఏదీ?” అంది. “కిందనుంచి నీళ్ళల్లోకి వెళ్ళిందమ్మా” అన్నాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊరుకోవడం మా వృత్తిలో లేదు.

అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో నీళ్ళ గొట్టమల్లా తోంబమే. మోటారు వెయ్యగానే మొక్కలకి పెట్టే పైపు ఒక్కసారి మెలికలు తిరుగుతుంది కదా, “జేజ! జేజ లాల!” అంటూ బోర్లా పడి మొక్కుతుంది. వాషింగ్ మెషీన్ వెనక వేలాడే గొట్టం ఇంకా పెద్ద జేజ. మామ్మ చేత దణ్ణం పెట్టించనిదే బట్టలు వెయ్యనివ్వదు. ఓ శుక్రవారం బొట్టు కూడా పెట్టించింది. పనిమనిషి వచ్చి చూసి, “ఏటమ్మా, కొత్త మిసను కొన్నారేటి?” అని బుగ్గలు నొక్కుకుంది.

కిందటి వారం మోటారు దగ్గర నీళ్ళు కారుతుంటే ప్లంబరుకి ఫోన్ చేశాను. ఒకప్పుడు నా క్లాసులో కూర్చున్నవాడే.

“లీకు ఎక్కడ మేస్టారూ?”

“తోంబం మొదట్లో నాయనా.”

అటుపక్క కాసేపు చప్పుడు లేదు.

“మేస్టారూ,” అన్నాడు మెల్లగా, “ఇంకో పదిసార్లు అనండి.”