పోతూ పోతూ మూడు పేజీలు

మా ఇంట్లో దేవదాసు ఇప్పటికి ముప్పై నలభై సార్లు పోయి ఉంటాడు. పోయిన ప్రతిసారీ నాకు అన్నం ఆలస్యమైంది. సినిమా చావుల గురించి రాసేవాళ్ళంతా నటన గురించీ సంగీతం గురించీ రాస్తారు గానీ, ఆ చావు జరుగుతున్నంతసేపూ పొయ్యి మీద చారు ఏమైందో, వాకిట్లో పాలవాడు ఎంతసేపు నిలబడ్డాడో రాసే నాథుడు లేడు. రాజమండ్రిలో ఒక సొంతిల్లూ, ఒక పెన్షనూ, ఒక నీళ్ళ మోటారూ ఉన్న గృహస్థుగా ఆ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది.

మా ఇంటి విషాద విభాగానికి అధ్యక్షురాలు మా అమ్మ. ఎనభై నాలుగేళ్ళు. 1953లో ‘దేవదాసు’ వచ్చినప్పుడు ఆవిడకి పన్నెండేళ్ళు. మేనత్త పక్కన నేల టిక్కెట్టులో కూచుని చూసిందట. అప్పటి నుంచీ తెర మీద ఎవరు పోయినా తీసుకెళ్ళి అక్కినేని నాగేశ్వరరావు పక్కన నిలబెట్టి కొలుస్తుంది. “పోయాడులే గానీ, దేవదాసు పోయినట్టు పోయాడా?” అంటుంది. ఈ కొలత ముందు ఇంతవరకూ ఎవరూ ఆనలేదు.

ఆ దేవదాసు మీద నాకున్న అభ్యంతరం ఒకటే. తాగి తాగి ఒళ్ళు గుల్లైన మనిషి, ఎడ్లబండిలో కుదుపుల మధ్య దుర్గాపురం దాకా వచ్చి, తీరా పార్వతి ఇంటి ముందు పోవడమేమిటి? ఆ స్థితిలో అతణ్ణి బండెక్కనిచ్చిందెవరు? ఇదే అమ్మనడిగితే, “చచ్చేలోపు ఒక్కసారి గుమ్మానికి వస్తానని మాటిచ్చాడురా” అంటుంది. మాటిచ్చాడట. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటేదో బిగిస్తానని మా ప్లంబరు కూడా మాటిచ్చాడు. మూడు నెలలైంది. వాడు రానందుకు మా ఇంట్లో ఎవరి కంటా చుక్క రాలలేదు.

తాగుబోతు కళ్ళు కుదరాలని ఆ సన్నివేశాలు రాత్రిళ్ళు తీశారని నాగేశ్వరరావు గారే చెప్పేవారు. నిద్ర లేక వాలిపోయే కళ్ళన్నమాట. దోమల పుణ్యమా అని నాకా కళ్ళు ఏడాది పొడుగునా ఉన్నాయి. ఎవరూ పిలిచి వేషమివ్వలేదు.

ఇక మన సినిమాల్లో ప్రాణం పోయే పద్ధతి. కత్తి కడుపులో ఉండగానే మనిషి మూడు పేజీల డైలాగు చెబుతాడు. చెల్లెలి పెళ్ళి, తల్లి బాధ్యత, ఆస్తి కాగితాలు ఎక్కడున్నాయో, అసలు హంతకుడెవరో, అన్నీ వరసగా అప్పజెబుతాడు. హంతకుడి పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం సరిగ్గా ఊపిరి అందదు. పక్కవాళ్ళలో ఒక్కడైనా ఆసుపత్రికి ఫోను చెయ్యడు. చేయి పట్టుకుని “నీకేం కాదు” అంటాడు. అప్పుడు తల పక్కకి వాలుతుంది, చేయి జారుతుంది, ఎక్కడో దీపం కొండెక్కుతుంది, ఇంటి దగ్గర కుంకుమభరిణె దొర్లిపోతుంది. నాకు గొంతులో కాస్త గరగర వస్తే “మజ్జిగ” అన్న మాట స్పష్టంగా పలకలేను. మా ఆవిడ చింతపండు తెచ్చి ముందు పెడుతుంది.

ఈ విషయంలో రామారావు గారి పద్ధతి వేరు. 1977 సంక్రాంతికొచ్చిన ‘దానవీరశూర కర్ణ’లో ఆయనే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు, ఆయనే కృష్ణుడు. దర్శకుడూ ఆయనే. అంటే కర్ణుడిగా పోయాడు, దుర్యోధనుడిగా మళ్ళీ పోయాడు, ఇద్దరూ పోయేలా పథకం వేసినవాడూ తనే. బాణం వేసిన అర్జునుడు సొంత కొడుకు హరికృష్ణ. చచ్చేవాడూ చంపించేవాడూ ఒకే ఇంటివాళ్ళైతే పని ఎంత సజావుగా సాగుతుందో చూడండి. నాలుగు గంటలకు దగ్గరపడే ఆ సినిమాని నేను మా నాన్న పక్కన కూచుని చూశాను. కర్ణుడు పోతున్నప్పుడు హాలంతా ముక్కులు చీదుతుంటే, ఆయన నా వైపు ఒరిగి, “పెరటి తలుపు గడియ పెట్టావా?” అనడిగారు. మా నాన్న గురించి మళ్ళీ చెబుతాను.

రోగాలతో పోయేవాళ్ళది ఇంకో రకం. 1981లో దాసరి నారాయణరావు ‘ప్రేమాభిషేకం’లో నాగేశ్వరరావుకి క్యాన్సరు తెప్పించాడు. ఆ సంగతి దాచి, తనంటే ప్రియురాలికి అసహ్యం పుట్టాలని హీరో చెడిపోయినట్టు నటిస్తాడు. జనం ఆ సినిమాని రోజులూ వారాలూ కాదు, నెలల తరబడి ఆడించారు. నా సందేహమల్లా, ఆ రిపోర్టు ఎలా దాచాడనే. నా షుగరు రిపోర్టు మడతపెట్టి, పంచాంగంలో పెట్టి, పంచాంగాన్ని అటక మీద పెడితే సాయంత్రానికల్లా మా ఆవిడ కాఫీలో పంచదార మానేసింది.

1989లో ‘గీతాంజలి’ వచ్చింది. మణిరత్నం ఊటీ మంచంతా మాకు చూపించాడు. నాగార్జునకి ఒక రోగం, గిరిజకి ఇంకో రోగం. ఒక టిక్కెట్టుకి రెండు చావులు గిట్టుబాటవుతాయని అమ్మ రెండు జేబురుమాళ్ళతో వచ్చింది. తీరా చూస్తే దర్శకుడు ఇద్దరినీ చంపకుండానే సినిమా ముగించాడు. ఉన్నన్నాళ్ళు ఉంటారు, పొమ్మన్నాడు. రిక్షాలో ఇంటికొస్తుంటే అమ్మ, “ఇంతకీ పోతారా, పోరా?” అని అడుగుతూనే ఉంది. ముప్పై ఆరేళ్ళయినా ఆ విషయం మా ఇంట్లో తేలలేదు.

ఈ మధ్య చావులు ఫోనులో కూడా వస్తున్నాయి. 2019 ఎండాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను. ఎత్తగానే ఒకటే ఏడుపు. “నాన్నా... అర్జున్ పోయాడు నాన్నా...” నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా వియ్యాలవారి వైపు ఒక అర్జున్ ఉన్నాడు. మా ఆవిడ అప్పటికే సంచీలో చీరలు సర్దుతోంది. నేను చొక్కా తొడుక్కుని, రాత్రి రైలుకి వేళ ఉందా అని గడియారం చూస్తున్నాను. అయిదు నిమిషాల తర్వాత తేలిందేమిటంటే, పోయినవాడు ‘జెర్సీ’ సినిమాలో నాని. ముప్పై ఆరేళ్ళ వయసులో మళ్ళీ బ్యాటు పట్టి, గుండె జబ్బు సంగతి లోపలే దాచుకుని, కొడుకు కోసం ఆడి పోయాడట. పోయినట్టు మనకి చివరిదాకా చెప్పరట, అందుకే అంత ఏడుపట. చొక్కా విప్పేసి పడుకున్నాను. సంచీలో చీరలు మర్నాటిదాకా అలాగే ఉన్నాయి.

ఈ నానీయే ‘ఈగ’లో సినిమా సరిగ్గా మొదలవకుండానే పోయి, ఈగై పుట్టి, తనని చంపినవాణ్ణి చంపి, ఆ మంటల్లో మళ్ళీ పోయి, మళ్ళీ పుట్టాడు. ఈ లెక్కకి రాజమౌళిని నేను తప్పుపట్టను. ‘మగధీర’లో కాలభైరవుడు వందమందిని మట్టుపెట్టి లోయలోకి దూకి పోయినవాడు, నాలుగొందల ఏళ్ళ తర్వాతైనా తిరిగొచ్చి మిగిలిన పని పూర్తి చేశాడు. బాకీ ఉంచుకోని మనిషి. నా కష్టమేమిటంటే, ‘ఈగ’ టీవీలో వేసినప్పటి నుంచీ మా ఇంట్లో ఈగని కొట్టడానికి లేదు. సెలవులకొచ్చిన మనవడు, నేను పేపరు చుట్టి చెయ్యెత్తితే చాలు, “తాతయ్యా, అది ఎవరో!” అని అడ్డం పడతాడు. మామిడిపళ్ళ కాలంలో మా వంటింట్లో ఎంతమంది ఎవరో ఉంటారో మీరే ఊహించుకోండి.

కట్టప్ప బాహుబలిని వెన్నులో పొడిచిన సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2015 జూలైలో పొడిచి, కారణం 2017 ఏప్రిల్ చివర చెప్పారు. ఆ మధ్యకాలంలో నేను వెళ్ళిన పెళ్ళిళ్ళన్నిటిలోనూ విస్తరి ముందు ఇదే చర్చ, సాంబారు అడిగినా వినేవాడు లేడు. నన్నడిగితే మొదటి భాగం మొదట్లో శివగామి పోవడమే అన్నిటికంటే పొందికైన చావు. నీళ్ళలో మనిషి మునిగిపోయినా, బిడ్డని పట్టుకున్న చెయ్యి మాత్రం పైన నిలబడింది. డైలాగు క్లుప్తం, పని పూర్తి.

ఇంకో చావుని నేను ఒప్పుకుంటాను. 1980లో ‘శంకరాభరణం’. శంకరశాస్త్రి కచేరీ మధ్యలో గొంతు అందక ఆగితే, ఎదురుగా ఉన్న కుర్రాడు అందుకుని పాడతాడు. గండపెండేరం వాడికి తొడిగి, ఆయన కన్నుమూస్తాడు. ఆయన్ని గురువుగా కొలిచిన తులసి ఆయన పాదాల దగ్గరే పోతుంది. వేషం వేసిన జె.వి. సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. అందుకే అంత నిఖార్సుగా ఛార్జి అప్పగించాడని మా ఆఫీసులో అనుకునేవాళ్ళం. నేను రిటైరైన రోజున తాళాలగుత్తి పట్టుకుని సాయంత్రం ఆరుదాకా కూచున్నాను. తీసుకోవలసినవాడు సెలవు పెట్టాడు.

మా నాన్న 1998లో పోయారు. ముందు గదిలో మడతమంచం మీద పడుకోబెట్టాం. డాక్టరు వచ్చి, కళ్ళజోడు తీయకుండానే, ఇవాళో రేపో అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటికి పాతికేళ్ళుగా సినిమాలు చూస్తున్నవాణ్ణి, నాకు పద్ధతి తెలుసు. పిల్లల్ని పక్కింటికి పంపి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, ఆయన చేయి పట్టుకుని కూచున్నాను. ఏదో ఒకటి చెబుతారని. తమ్ముడికీ నాకూ మాటల్లేవు, దాని గురించి చెబుతారేమో. ఇంటి గురించి, అమ్మ గురించి. నాలుగింటికి కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారు. పెదాలు కదిలితే చెవి దగ్గరికి పెట్టాను.

“మోటారు ఆపావా?” అన్నారు.

ఆపలేదు. సజ్జ మీద నీళ్ళు పడుతున్న చప్పుడు నాకు అప్పుడు వినిపించింది. లేచి పెరట్లోకి వెళ్ళి, స్విచ్చి ఆపి, తడి కాళ్ళతో తిరిగొచ్చాను. మంచం అవతల అమ్మ నిలబడి ఉంది. “ఇప్పుడే” అంది. నలభై అయిదేళ్ళుగా దేవదాసుకి ఏడుస్తున్న మనిషి ఆ పూట వెంటనే ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి, కాగుతున్న పాలు దించి, పొయ్యి ఆర్పి వచ్చి కూచుంది.

మొన్న ఆదివారం టీవీలో ‘మాతృదేవోభవ’ వేశారు. 1993లో హాల్లో చూసినప్పుడు నా ముందు వరసలో ఒక పెద్దమనిషి కండువా పిండుకోవడం నేను కళ్ళారా చూశాను. అందులో పాటకి వేటూరికి జాతీయ బహుమతి కూడా వచ్చింది. మొగుడు పోతాడు, తనకి రక్త క్యాన్సరని తెలుస్తుంది, పిల్లల్ని తలా ఒక ఇంటికీ పెంపకానికి ఇచ్చుకుంటూ పోతుంది ఆ శారద. మాధవి ఆ వేషం వేసిందనడం కన్నా మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రాణాలు తీసిందనడం సబబు. సినిమా ఉందని తెలిసి మా ఆవిడ పదకొండున్నరకే అన్నాలు పెట్టేసింది. తువ్వాళ్ళు తెచ్చుకుంది. అమ్మని వాలుకుర్చీలో కూచోబెట్టింది. పక్కింటి ఆవిడ కూడా వచ్చి చేరింది.

ఆఖరి ఘట్టం వచ్చింది. ముగ్గురూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అప్పుడే పెరట్లో సజ్జ మీద నీళ్ళు దబదబా పడటం మొదలైంది. ఎవరూ కదల్లేదు. అమ్మ మాత్రం తెర మీంచి చూపు తిప్పకుండా, “ఏరా, మోటారు ఆపావా?” అంది.

లేచాను. పెరట్లోకి వెళ్ళి స్విచ్చి ఆపాను. గచ్చు మీద నిలిచిన నీళ్ళు చీపురుతో తోశాను. కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, లోపలికొచ్చి నా కుర్చీలో కూచున్నాను. ఈ మధ్యలో రెండు సబ్బుల ప్రకటనలూ ఒక బంగారు కొట్టు ప్రకటనా కూడా అయిపోయాయట.

తెర మీద శారద ఇంకా పోలేదు.