ఓడ కొత్తది, పైలట్ రాలేదు

2025 అక్టోబర్ 14న విశాఖపట్నానికి రెండు కబుర్లు వచ్చాయి. ఢిల్లీ నుంచి వచ్చినది పెద్దది. గూగుల్ వాళ్లు ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టి మన ఊళ్లో ఏఐ కేంద్రం కడతారట, సముద్రం అడుగునుంచి కేబుళ్లు లాక్కొచ్చి మన ఒడ్డున తేలుస్తారట. ఇక ఫ్లెక్సీల సంగతి వేరే చెప్పాలా! రెండో కబురు అమెరికాలోని రెడ్‌మండ్ నుంచి వచ్చింది. దానికి ఫ్లెక్సీ కట్టినవాడు లేడు. సరిగ్గా ఆ రోజుతోనే మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి నీళ్లొదిలేసింది. 2015 జూలైలో విడుదల చేసిన సరుకే. పదేళ్లు నిండగానే దీని మంచిచెడ్డలు మాకు పట్టవని చెప్పేసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకి ఇంకో ఏడాది గడువిచ్చి దయతలిచారు గాని, నోటీసు నోటీసే.

మొదటి కబురు ఎకరాల్లో భూములున్నవాళ్లది. రెండోది డాబాగార్డెన్స్ నుంచి గాజువాక దాకా జెరాక్సు షాపులదీ, నెట్ సెంటర్లదీ, డీటీపీ వాళ్లదీ. కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

పోతే పోయింది, విండోస్ 11 ఎక్కిద్దామంటే దానికి ప్రవేశ పరీక్ష ఉంది. మదర్‌బోర్డులో టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరయితే, ఏవో కొద్ది మినహాయింపులు పోను, 2017లో మొదలైన ఎనిమిదో తరమో ఆ తర్వాతదో అయ్యుండాలి. 2016లో అప్పుచేసి కొన్న ఐ7కి సీటు లేదు. 2017 చివర్లో వచ్చిన నత్తనడక సెలెరాన్ ఎన్4000 మాత్రం దర్జాగా లోపలికి వెళ్లిపోతుంది. సత్తా కాదు, పుట్టినతేదీ ముఖ్యం. మన స్టీల్ ప్లాంటులో గోదావరి అని ముద్దుగా పిలుచుకునే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 1990లో వెలిగించారు. అరిగిపోయాక ఆపి, బాగుచేసి, మళ్లీ వెలిగించారు. అది కంప్యూటరు కాకపోవడం దాని అదృష్టం.

అయినా మనవాళ్లు ఊరుకుంటారా! పరీక్ష రాయకుండా సీటు సంపాదించే చిట్కాలు తెలిసిన కుర్రాళ్లు ద్వారకానగర్‌లో బోలెడంతమంది. సాయంత్రానికల్లా ఎక్కించేస్తారు. తెర వెలుగుతుంది. పాట పెడితే మూగ. ప్రింటు కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. డివైస్ మేనేజర్ తెరిస్తే వరసగా పసుపు త్రికోణాలు, ఒక్కోదాంట్లో ఒక్కో ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యపోవలసింది డబ్బిచ్చినవాడు కదా, అదెందుకు ఆశ్చర్యపోతుందో! కొన్నిటికి పేరైనా లేదు, ‘అన్‌నోన్ డివైస్’ అట. పదేళ్లు అదే పెట్టెలో కాపరం చేసిన ముక్క ఒక్కపూటలో అనామకురాలైపోయింది.

ఇదంతా డ్రైవరు లేని లోటు. డ్రైవరంటే ఏమిటో విశాఖవాడికి చెప్పడం తేలిక. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఇన్నర్ హార్బర్‌లోకి వచ్చే ఓడ కెప్టెన్ ఏడు సముద్రాలూ ఈదినవాడైనా ఇక్కడ సొంత తెలివి చాలదు. పోర్టు పైలట్ పడవలో ఎదురెళ్లి, తాడునిచ్చెన ఎక్కి, ఎక్కడ తిప్పాలో ఎక్కడ ఆపాలో చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఓడ. ప్రింటరూ స్కానరూ రేవులు. ఆ రేవు లోతుపాతులు తెలిసిన చిన్న ప్రోగ్రామే డ్రైవరు. ఇప్పుడు ఓడ మారింది. విండోస్ 11 అచ్చంగా 64 బిట్ల ఓడ, పాత పైలట్‌కి 32 బిట్లదే అలవాటు. తోసుకుని ఎక్కుదామన్నా మైక్రోసాఫ్ట్ సంతకం లేనివాణ్ని ఇంజన్ గదిలోకి రానివ్వరు. కొత్తవాణ్ని పంపాల్సింది ఆ ప్రింటరు చేసిన కంపెనీ. వాళ్ల సైటుకి వెళితే ‘ఈ మోడల్‌కు సపోర్టు ముగిసింది’ అని రెండు ముక్కల్లో సంతాపం, దాని కిందే కొత్త మోడల్ బొమ్మ, ఈఎంఐ వివరాలు.

ఆ తరం చవక లేజర్ ప్రింటర్లకి సొంత బుర్ర తక్కువ. ఏ ఆఫీసుకెళ్లినా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020నే తీసుకోండి. స్విచ్చి ఆపితే తనెవరో మర్చిపోతుంది. మళ్లీ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ పంపించి, నువ్వు ప్రింటరువమ్మా అని గుర్తుచేయాలి. ఆ గుర్తుచేసే పని డ్రైవరుది. అతను రాకపోతే కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవచ్చు. ఇది చాలదన్నట్టు, కంపెనీల సొంత ప్రింటరు డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్‌లో మెల్లగా తలుపు మూసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే చాటింపు వేసింది.

నెట్‌వర్క్ కార్డుది ఇంకా ముచ్చట. దాని డ్రైవరు నెట్‌లో ఉంది. నెట్ రావాలంటే ఆ డ్రైవరు కావాలి. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. సముద్రాలు దాటొచ్చే గూగుల్ కేబుల్‌కైనా ఆఖరి జానెడు దూరంలో ఇదే గతి. (ఫోన్‌ని వైరుతో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే చాలాసార్లు గట్టెక్కుతారు. ఈ కాలమ్‌లో పనికొచ్చే మాట చాలా అరుదు, రాసిపెట్టుకోండి.)

‘కొన్నప్పుడు సీడీ ఇచ్చారు కదండీ’ అంటాడు షాపువాడు. ఇచ్చారు. ఎంవీపీ కాలనీలో బాల్కనీ బాల్కనీకీ పావురాలను తోలుతున్నది ఆ సీడీలే. ఇక వెతుకుడు మొదలు. డౌన్‌లోడ్ అని రాసున్న పచ్చ బొత్తాలు పేజీకి ఐదారుంటాయి, వాటిలో డ్రైవరు తప్ప అన్నీ దిగుతాయి. ‘డ్రైవర్ అప్‌డేటర్’ అనే పుణ్యాత్ముడు ఉచితంగా పరీక్షచేసి, మీ కంప్యూటర్‌కి ఉన్న రోగాలన్నీ ఎర్రటి అక్షరాల్లో చదివి, మందుకి డాలర్లలో బిల్లు వేస్తాడు. నిజానికి ఆ అనామకురాలి పేరు పట్టుకోవడం అంత కష్టం కాదు. దాని ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే వీఈఎన్ తర్వాత కంపెనీ నెంబరూ, డీఈవీ తర్వాత ముక్క నెంబరూ ఉంటాయి. 8086 అని ఉంటే ఇంటెల్. 1978లో తమకు అన్నం పెట్టిన ప్రాసెసర్ నెంబరునే వాళ్లు ఇంటిపేరుగా పెట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో ఆ నెంబరు కొడితే ఒక్కోసారి ఏ విండోస్ 7 నాటి పైలటో దొరికి, సణుక్కుంటూనే పని చేసిపెడతాడు. ఇంత తేలిక సంగతి ఎవరూ చెప్పరు, చెబితే కొత్త ప్రింటరు అమ్ముడుపోదు.

నవంబరు వచ్చిందంటే మాత్రం ఇది తమాషా కాదు. పోర్టు, రైల్వే పెన్షనర్లు తాము బతికున్నట్టు ఏటా రుజువు చూపించుకోవాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే చాలు. మర్రిపాలెం నెట్ సెంటర్లో ఒక పెద్దాయన వేలు పెట్టి కూర్చున్నారు.

“ఏటి బాబూ, ఏలు పెట్టమన్నావు, పెట్టాను. లైటే ఎలగలేదు.”

“కొత్త విండోసు ఎక్కించానండి తాతగారూ. డివైసు దొరకలేదంటోంది.”

“నా ఏలు కిందే ఉంది కదరా.”

“మనకి కనబడతంది. దానికి కనబడాల గదండి.”

“అయితే నేను బతికున్నట్టా, లేనట్టా?”

“మీకేటండి, గుండ్రాయిలా ఉన్నారు. డివైసే పోనాది.”

ఫోన్లో ముఖం చూపించి బతికున్నామనే పద్ధతి 2021లోనే వచ్చింది కాబట్టి, మనవడి ఫోన్ ముందు కళ్లార్పి ఆయన బతికి బయటపడ్డారు. స్కానరుకి మాత్రం ఇంతవరకూ లైఫ్ సర్టిఫికెట్ రాలేదు.

ఇలాంటి పేచీ అమెరికాలో ఒకసారి ఉద్యమమైంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలకు జెరాక్స్ కంపెనీ ఇచ్చిన లేజర్ ప్రింటరు మాటిమాటికీ కాగితం ఇరికించుకునేది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే కుర్రాడు దాని ప్రోగ్రామును దిద్దుకుంటానంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ కడుపుమంటలోంచే 1983లో గ్నూ ప్రాజెక్టు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుకొచ్చాయి. ఆ దారిలోనే నడిచే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో చాలా డ్రైవర్లు దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌తోపాటే వస్తాయి, కంపెనీ వదిలేసినా ఊళ్లోవాళ్లు ఎవరో ఒకరు చూసుకుంటారు. ఉక్కు ఫ్యాక్టరీ ఇవ్వకపోతే 1966లో రోడ్డెక్కి నెత్తురు ధారపోసిన ఊరు మనది. డ్రైవరు ఇవ్వకపోతే ‘పోనీలెండి, కొత్తది పది వేలే’ అంటాం.

పోనీ లైనక్స్ వేసుకుందామా అంటే డీటీపీ షాపువాడు దండం పెడతాడు. అతని బతుకంతా అను ఫాంట్లూ, 2001లో ఆఖరి వెర్షన్ వచ్చి ఆగిపోయిన పేజ్‌మేకరూ. ముహూర్తం తరుముకొస్తుంటే శుభలేఖ ఆగకూడదు. అందుకే మూలన ఒక ఎక్స్‌పీ పెట్టె దాచుకున్నాడు. 2014 ఏప్రిల్‌లోనే దానికి మైక్రోసాఫ్ట్ తిలోదకాలిచ్చేసింది. దానికి నెట్ లేదు, అప్‌డేట్ రాదు, నెట్ రోగమూ రాదు. కొత్త కంప్యూటర్లో వచ్చిన మెయిలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాని దగ్గరికి మోసుకెళ్లి ప్రింటు తీస్తాడు. షాపు ముందు రేట్ల బోర్డు మీద ఈమధ్య కొత్త గీత ఒకటి చేరింది: ‘జెరాక్స్ 2, కలర్ 10, డ్రైవరు వెతుకుట 200.’

“మరి దొరకకపోతే?” అన్నాను.

“అదే రేటండి. ఎతకటం ఎతకటమే గదా.”

బేరమాడితే, దొరకనిదానికి 150కి దిగాడు.