కారప్పొడి డబ్బా మర్చిపోకండి

పరాయి ఊళ్ళో పొద్దుటి టిఫిను ఎలా ఆస్వాదించాలో మనవాళ్ళలో చాలామందికి తెలీదు. రైలు దిగీ దిగగానే రోడ్డు పక్కన ఎవరేది పెడితే అది తినేస్తారు. పైగా బాగుందని ఇంటికి ఫోన్లు కూడా చేస్తారు. ఈ నాలుగు మాటలూ వాళ్ళ మంచి కోరి రాస్తున్నవే.

అన్నిటికంటే ముఖ్యం నిద్ర. సెలవు పెట్టుకుని, అంత డబ్బు పోసి వెళ్ళింది తెల్లారగట్ల లేవడానికి కాదు. తొమ్మిదిన్నరకి లేచి, స్నానం, పూజ కానిచ్చుకుని పదిన్నరకి వీధిలోకి రండి. అప్పటికి కచోరీ వాడు మూకుడు తోముకుంటూ ఉంటాడు. ‘ఈ ఊళ్ళో టిఫినే దొరకదు’ అని తేల్చెయ్యడానికి అంతకంటే ఆధారం అక్కర్లేదు. గది అద్దెలో కలిపి హోటలు వాళ్ళు పెట్టే టిఫిను ఎలాగూ ఉంది. అమృత్‌సర్ అయినా అలెప్పీ అయినా అక్కడ ఇడ్లీ, బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్ తప్పవు. ఇడ్లీ రాయిలా ఉంటే మీ సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకోండి, ఆ రాష్ట్రాన్ని మొత్తంగా తిట్టుకోండి. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కుల్చా బండి దగ్గర జనం విరగబడుతుంటారు. పాపం, వాళ్ళ గది అద్దెలో టిఫిను లేదు కాబోలు.

ఇండోర్ వెళ్తే పొద్దున్నే పోహా, జిలేబీ తినమని ఎవరో ఒకరు చెబుతారు. తిండికి అక్కడి సరాఫా బజారు పేరుమోసిందని మీరు వినే ఉంటారు కనక ఎనిమిదింటికల్లా అక్కడికే వెళ్ళండి. పగలు అది నగల బజారు. రాత్రి ఆ కొట్లు కట్టేశాకే తిండి దుకాణాలు వెలుస్తాయి. మూసిన షట్టర్లకి నాలుగు ఫొటోలు తీసుకుని, ఇండోర్ తిండంతా ఉత్త ప్రచారమని స్నేహితులకి పంపించండి.

తిరిగొచ్చే దారిలో పోహా బండి ఎదురుపడితే మాత్రం చాలా అప్రమత్తంగా ఉండాలి. కింద నీళ్ళు మరుగుతుంటాయి, పైన పెద్ద పళ్ళెంలో పచ్చటి అటుకులు గుట్టగా పోసి ఉంటాయి. ఆ ఆవిరికే అవి ఎంతసేపైనా మెత్తగా, వేడిగా ఉంటాయి. అతను ఒక గరిటెడు ప్లేటులో వేసి, ఉల్లిముక్కలు, కొత్తిమీర, గుప్పెడు సేవ్, జీరావన్ అనే మసాలా పొడి చల్లి, నిమ్మచెక్క పిండబోతాడు. అక్కడే ఆపాలి. సేవ్ వద్దు, నూనె. ఉల్లి వద్దు, వాసన. జీరావన్ వద్దు, పేరే ఎప్పుడూ వినలేదు. సోంపు గింజలుంటే ఏరి ఇమ్మనండి. మిగిలింది నోట్లో వేసుకుని ‘ఓస్, మన అటుకుల ఉప్మాయే కదా!’ అనండి. అబద్ధమేం కాదు, అన్నీ తీసేస్తే మిగిలేది అదే. ఇక జిలేబీ. ఒక ముద్ద కారం, ఒక ముక్క తీపి తినే అలవాటు మనకెందుకు? పొట్లం కట్టించుకుని, కాగితానికి అతుక్కుపోయాక సాయంత్రం తినండి. అప్పుడు వాళ్ళ జిలేబీ మీద ఒక అభిప్రాయం ఏర్పడుతుంది.

కాశీ విషయంలో మనవాళ్ళ ఏర్పాట్లు నిజంగా మెచ్చుకోదగ్గవి. యాత్రా బస్సుల్లో మనుషులతోపాటు వంటవాళ్ళు, గ్యాసు బండ, రవ్వ బస్తా కూడా బయల్దేరతాయి. గంగలో మూడు మునకలు వేసి వచ్చేసరికి ఉప్మా తయారు. నాలుగడుగుల అవతల సందులో మినప్పప్పు కూరిన కచోరీలు నూనెలో పొంగుతూ, ఆకు దొన్నెల్లో బంగాళాదుంప కూరతో చేతులు మారుతుంటాయి. అటు చూడకండి. కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలెయ్యాలనే ఆచారం ఉందిగా, ఆ కచోరీనే వదిలెయ్యండి. రుచి చూడనిదాన్ని వదలడం కాకరకాయ వదలడం కంటే కూడా సులువు. మా బంధువర్గంలో ఇప్పటికే సగం మంది కాకరకాయ వదిలేశారు.

కాశీలో మలయ్యో తినాలని ఉంటే పిల్లల సెలవులు చూసుకుని మే నెలలో వెళ్ళండి. కాచిన పాలు చలికాలపు రాత్రి మంచులో ఆరుబయట పెట్టి, తెల్లవారుజామున చిలికి, ఆ నురగకి కుంకుమపువ్వు, యాలకులు కలిపి మట్టి ముంతల్లో ఇస్తారు. మేలో అడిగితే కొట్టువాడు మీకేసి చూసే చూపు చూడదగ్గది. పోనీ చలికాలంలోనే వెళ్ళారా, అక్కడ తినకుండా స్టీలు క్యారేజీలో విజయవాడకి పట్టుకెళ్ళండి. దిగి మూత తీస్తే అడుగున రెండు చెంచాల పసుపు పాలు కనిపిస్తాయి. తూకంలో మోసం చేశాడని అప్పుడు ఆలస్యం చెయ్యకుండా అనెయ్యాలి.

శ్రీనగర్‌లో తందూరు నుంచి అప్పుడే తీసిన గిర్దా రొట్టెతో గులాబీ రంగు టీ ఇస్తారు. దాన్లో ఉప్పుంటుంది. పొరపాటున పడిందనుకుని మూడు చెంచాల పంచదార వెయ్యండి. కేరళలో పుట్టుని శనగల కూరకి దూరంగా పెట్టి, పొడిగానే మింగుతూ గొంతు పట్టేస్తోందని దగ్గండి. అహ్మదాబాదులో ఫాఫ్డా పక్కన పెట్టే బొప్పాయి తురుము అలంకారం కోసమే, ముట్టుకోకండి. భాష రాదని ఎక్కడా బెంగపడొద్దు. ‘సాంబార్ హై?’ అన్న ఒక్క ప్రశ్నతో దేశమంతా తిరిగొచ్చిన పెద్దమనుషులు నాకు తెలుసు.

అయితే ఈ పద్ధతులన్నీ మనం వాళ్ళ ఊరికి వెళ్ళినప్పటికే. అదే ఇండోర్ ఆయన ఎవరైనా కోనసీమకి వచ్చి, అంబాజీపేటలో పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్క ముందు కూర్చుని ‘పోహా లేదా?’ అన్నాడనుకోండి, ఊరుకోకూడదు. ఇంత దూరం వచ్చింది అటుకులు తినడానికా అని నిలదీయండి. పదిన్నరదాకా పడుకుంటానంటే దుప్పటి లాగి లేపండి. ఆకులు విప్పి, పొగలు వస్తుండగానే చట్నీ వేసి, ఆఖరి ముక్క అయ్యేదాకా పక్కనే నిలబడండి. జేబులోంచి జీరావన్ పొట్లం తీశాడా, ప్లేటు లాగేసుకోండి.