ఇరవై ఏళ్లు ఒక్క దూకులో: కథకులకు చిట్కాలు

కథ ముందుకు కదలనని మొండికేస్తే కాలాన్ని ముందుకు తోసెయ్యండి. ఈ చిట్కాలు పాటిస్తే ఎంతటి చిక్కుముడినైనా విప్పకుండానే దాటెయ్యొచ్చు.

1. ఎక్కడ దూకాలి? రాయడం కష్టమయ్యే చోట. అన్నదమ్ములు ఆస్తి పంపకాలకు కూర్చున్నారు. పెద్దాడు కాగితాలు పరిచాడు. చిన్నాడు తలెత్తడం లేదు. వంటింటి గుమ్మంలో వదిన చెవులు రిక్కించింది. ఇప్పుడు ఎవరేమన్నారో రాయాలంటే మీకు నిద్ర ఉండదు. ‘ఇరవై ఏళ్ల తర్వాత’ అని రాసేసి పడుకోండి.

2. దూకాక ఏం మారాలి? జుట్టు. చెవుల పక్కన కాస్త తెల్లరంగు, ముక్కు మీద కళ్లద్దాలు, భుజాన శాలువా చాలు. మనసులు మారనక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందటా అందరి చేతుల్లో ఇవే టచ్ ఫోన్లున్నా ఎవరూ కేసు పెట్టరు. కథానాయికకు మాత్రం వయసు రానివ్వకండి. కూతురి పక్కన నిలబడితే తల్లి ఎవరో ప్రేక్షకుడే తేల్చుకుంటాడు. వాడికీ కాస్త పని ఉండాలిగా.

3. పిల్లాణ్ణి పెద్దవాణ్ణి చెయ్యాలంటే పరుగెత్తించండి. చిన్న కాళ్లు, దుమ్ము, పెద్ద కాళ్లు. చదువు, ఉద్యోగం, ఊరు వదలడం అన్నీ ఆ దుమ్ములోనే అయిపోతాయి. ‘బాహుబలి’ (2015)లో శివుడు జలపాతం ఎక్కబోయి పడుతూ లేస్తూ పెద్దవాడయ్యాడు. వాడి పంతం ఏమిటో కూడా మనకు తెలిసిపోయింది. అంత శ్రమ అనవసరం. మీవాడు ఎందుకు పరుగెత్తుతున్నాడో మీకూ తెలియనక్కర్లేదు.

4. కాలం గడిచిందని కనీసం మూడుసార్లు చెప్పండి. తెర మీద అక్షరాలు, ఎగిరే క్యాలెండర్ కాగితాలు, ఆపైన ఒక డైలాగు: “చెల్లాయ్, నీకు తెలుసుగా, నాన్న పోయి నేటికి ఇరవై ఏళ్లు!” స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో ఆదిమానవుడు పైకి విసిరిన ఎముక కిందికి వస్తుండగానే అంతరిక్షంలో ఉపగ్రహాన్ని చూపించాడు. లక్షల ఏళ్లు దాటించి అక్కడ ఒక్క అక్షరం వెయ్యలేదు. ప్రేక్షకుణ్ణి అంతగా నమ్మితే ఎలా?

5. పనికిరానిది వదిలేసి పనికొచ్చేది చెప్పడం పాత పద్ధతి. అరణ్యకాండలో రాముడు మునుల ఆశ్రమాల్లో గడిపిన పదేళ్లను వాల్మీకి కొద్ది శ్లోకాల్లో దాటించాడు, బంగారు లేడి దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాడు. మీరు తిరగెయ్యండి. పెళ్లిచూపుల కాఫీకి నాలుగు పేజీలు, విడాకులకు మూడు చుక్కలు.

6. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా నిలదీస్తే ఫ్లాష్‌బ్యాక్‌లో వస్తుందనండి. రాయక్కర్లేదు. నన్నయ భారతం అరణ్యపర్వంలో ఆగిపోతే తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు, మిగిలిన ముక్కను 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. మీ ఖాళీకీ ఎప్పటికో ఒక ఎర్రన దొరక్కపోడు. ఈలోగా రెండో భాగం ప్రకటించెయ్యండి.