తొలిసారి ఓడెక్కేవారికి కొన్ని పెడసరపు సలహాలు

వేసవి రాగానే సియాటిల్, డాలస్, బే ఏరియా తెలుగు ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది: "అమ్మానాన్నా వచ్చారు కదా, అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దాం." ఆ వెంటనే సలహాలు వచ్చిపడతాయి. పై డెక్‌లో గది తీసుకోండి, బాల్కనీ లేకపోతే దండగ, ప్రతి ఊళ్లోనూ దిగండి, డ్రింక్స్ ప్యాకేజీ ముందే కొనేయండి, బుల్లి రైస్ కుక్కర్ ఒకటి పెట్టెలో వేసుకోండి. చెప్పేవాళ్లంతా మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ సలహాలన్నీ హోటల్‌కు వెళ్లేవాళ్ల కోసం. అరవై దాటిన అమ్మానాన్నలు ఏడు రాత్రులు ఉండబోయేది ఓడలో. ఓడ ఊగుతుంది, సాధారణంగా ఎవరికోసమూ ఆగదు, దేశాల సరిహద్దులు దాటుతుంది. అందుకని నేను చెప్పేవి చాలావరకు ఆ సలహాలకు అడ్డంగానే ఉంటాయి. పెడసరంగా ఉన్నాయనిపించినా ఒకసారి వినండి.

అన్నిటికన్నా ముందు గది సంగతి. కింది డెక్‌లో, ఓడ పొడవుకు సరిగ్గా నడిమధ్యన, వీలైతే కిటికీ కూడా లేని గది తీసుకోండి. ఓడ పక్కలకు ఒరుగుతుంది, ముందువెనకలకు లేచి పడుతుంది. పక్కలకు ఒరగడాన్ని తగ్గించడానికి పెద్ద ఓడలకు నీటి కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. ముక్కు లేచి పడటాన్ని అవి పెద్దగా ఆపలేవు. ఎంత పైన ఉంటే, ఎంత ముందుకో వెనక్కో ఉంటే ఆ కదలిక అంత ఎక్కువగా తెలుస్తుంది. ఎక్కువ డబ్బు పోసి కొనే పై డెక్ ముందు గదే ఎక్కువ ఊగే గది కూడా.

సియాటిల్ నుంచి వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాంకూవర్‌లో బయల్దేరే ఓడలు దీవుల చాటున ప్రశాంతమైన నీళ్లలో ఉత్తరానికి పోతాయి. సియాటిల్ ఓడలు సాధారణంగా హువాన్ డి ఫూకా జలసంధి దాటి, వాంకూవర్ దీవికి పడమరగా, దీవుల చాటు లేని పసిఫిక్ మీద వెళ్తాయి. అంటే అమ్మానాన్నలకు ఓడ ఇంకా అలవాటు కాని మొదటి రోజునే అసలైన సముద్రం ఎదురవుతుంది.

"మరి బాల్కనీ లేకపోతే మంచుకొండలు ఎలా చూస్తారు?" అని అడుగుతారు. బాల్కనీ నుంచి కనబడేది ఒక పక్కే. గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడలకే అనుమతి. అక్కడ పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కి, కనబడుతున్నదేమిటో మైకులో వివరిస్తారు. హిమానీనదం ముందు ఓడ మెల్లగా తిరుగుతుంది. ఆ గంటలో ఉండాల్సిన చోటు ఆరుబయట డెక్. అక్కడికి అందరికీ ప్రవేశం ఉంది, దానికి వేరే డబ్బు లేదు. మంకీ క్యాప్, శాలువా, చేతికి గ్లవ్స్ ఇచ్చి నాన్నగారిని రెయిలింగ్ పక్కన నిలబెట్టండి, చాలు. ఇంకో సంగతి. జూన్ రెండో సగంలో అలాస్కాలోని జూనో ఊళ్లో రాత్రి పది దాటాక సూర్యాస్తమయం, తెల్లవారుజామున నాలుగు కాకముందే సూర్యోదయం. కిటికీ లేని గదిలో చిమ్మచీకటిగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు కంటినిండా నిద్ర పడుతుంది. రాత్రి బాత్రూమ్ దారి కనబడటానికి బ్యాటరీ దీపం ఒకటి తీసుకెళ్లండి. మూసిన గదిలో ఊపిరాడనట్టు ఉంటుందనే అమ్మ అయితే మాత్రం, కింది డెక్‌లోనే అద్దాల కిటికీ ఉన్న గది తీసుకోండి.

ఇక వీసా. నన్నడిగితే, ఈ ప్రయాణంలో కుటుంబాలు నిజంగా దెబ్బతినేది ఇక్కడే. "అలాస్కా అమెరికాలోదే కదా నాన్నా, మీకు అమెరికా వీసా ఉందిగా, ఇంకేం కావాలి?" అని పిల్లలు ధీమాగా అంటారు. ఆ ధీమాను నమ్మకండి. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. విదేశీ జెండా కింద నడిచే ఓడలు మధ్యలో విదేశీ రేవు తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పడానికి ఆ చట్టం ఒప్పుకోదు. పెద్ద క్రూజ్ ఓడల్లో దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. అందుకే సియాటిల్‌లో బయల్దేరి సియాటిల్‌కే తిరిగొచ్చే ఓడ కెనడా రేవు ఒకటి తాకి తీరాలి. ఎక్కువగా అది విక్టోరియా, అదీ చివరి సాయంత్రం కొన్ని గంటలు. కోవిడ్ కాలంలో కెనడా తన రేవులు మూసేసినప్పుడు, 2021లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేస్తే తప్ప అలాస్కా ఓడలు కదలలేకపోయాయి.

దీని అర్థం ఏమిటంటే, భారత పాస్‌పోర్ట్ మీద విజిటర్ వీసాతో అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు కెనడా విజిటర్ వీసా కూడా కావాలి. "మేం అక్కడ దిగం, ఓడలోనే కూర్చుంటాం" అంటే కుదరదు. రేవు కౌంటర్‌లో కాగితాలు చూసేవాళ్లు ఆపేస్తారు, కట్టిన డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. కెనడా వీసాకు వేలిముద్రలు ఇవ్వాలి, వారాల తరబడి ఆగాలి. కాబట్టి టికెట్ల మీద తగ్గింపు కనబడగానే కొనేయకండి. ముందు వీసా, తర్వాతే టికెట్. తగ్గింపు పోతే పోనివ్వండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, కార్డు చేతిలో ఉంటే చాలు.

పిల్లలు తమ కాగితాలు కూడా చూసుకోవాలి. హెచ్1బి మీద ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు తీరినవాళ్లకు, కెనడా, మెక్సికోలకు ముప్పై రోజుల్లోపు వెళ్లి రావడానికి షరతులతో కూడిన వెసులుబాటు ఉంది. కరీబియన్ దీవులకు హెచ్1బి వాళ్లకు ఆ వెసులుబాటు వర్తించదు. "మొన్న కెనడా వెళ్లొచ్చాం, ఏం కాలేదు" అనుకుంటూ మయామీలో ఓడెక్కితే తిరిగి దేశంలోకి రావడమే చిక్కవుతుంది. స్టాంపు విషయంలో ఏ మాత్రం అనుమానం ఉన్నా స్నేహితుల మాట పక్కన పెట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. అలాస్కాలో ఓడ ఆగే స్కాగ్వే ఊళ్లో కూడా ఒక మెలిక ఉంది. అక్కడి వైట్ పాస్ చిన్న రైలు 1898లో మొదలుపెట్టి 1900 నాటికి పూర్తిచేసిన పాత మార్గం. కనుమ శిఖరం దాకా వెళ్లి దిగకుండా వెనక్కి తిరిగే రైలు ఒకటి, కెనడా లోపలికి పోయేది ఇంకొకటి. రెండోదానికి మళ్లీ పాస్‌పోర్టూ వీసా కావాలి, కాబట్టి అవి గదిలో వదిలి రాకండి.

అన్నట్టు, సామాను. పెద్ద పెట్టె రేవులోనే కూలీలకు అప్పగిస్తే గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఉంటే అదీ, డాక్టరు చీటీతో సహా అమ్మ చేతిసంచిలోనే ఉండాలి. రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్ అస్సలు వద్దు. నడిసముద్రంలో నిప్పుకు భయపడినంతగా ఓడవాళ్లు దేనికీ భయపడరు. స్కానింగ్‌లో దొరికితే తీసి దాచిపెట్టి చివర్న ఇస్తారు. ఇంట్లో చేసిన పులిహోరకూ చాలా ఓడల్లో అనుమతి ఉండదు. కంపెనీ సీలు ఉన్న పచ్చడి, పొడి, మురుకుల పొట్లాలకు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. ఎవరూ చెప్పని వస్తువు ఒకటుంది, చిన్న ప్లాస్టిక్ మగ్గు. గది టాయిలెట్‌లో ఉండేది కాగితమే. అమ్మానాన్నల ఏడు రోజుల సుఖం సగం ఆ మగ్గులోనే ఉంది. ఆ టాయిలెట్ గాలి పీల్పుతో పనిచేసేది. తడి వైప్స్, గుడ్డముక్క ఏది పడినా పక్క గదుల టాయిలెట్లు కూడా నిలిచిపోతాయి. ఇది మొహమాటం లేకుండా ముందే చెప్పండి.

ఓడెక్కగానే అందరూ బఫేకు పరుగెత్తుతారు. మీరు భద్రతా డ్రిల్‌కు వెళ్లండి. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లో వీడియో చూసి, మీకు కేటాయించిన మస్టర్ స్టేషన్‌కు (ప్రమాదంలో చేరాల్సిన చోటికి) వెళ్లి కార్డు స్కాన్ చేయించుకుంటే పూర్తయినట్టే. అది చాలదు. గదినుంచి ఆ చోటిదాకా లిఫ్ట్ ఎక్కకుండా, మెట్ల మీదుగా, అమ్మానాన్నలతో కలిసి ఒకసారి నడవండి. ప్రమాదంలో లిఫ్ట్ వాడకూడదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ మెట్లు ఎంతసేపు పడతాయో మీకు తెలియాలి. ఇది కూడా కింది డెక్ మధ్య గదులు ఎంచుకునేటప్పుడే ఆలోచించాల్సిన సంగతి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరాన జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ ఓడ రాయిని ఢీకొని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే చివితావెక్కియా రేవులో ఎక్కినవాళ్లకు అప్పటికి డ్రిల్ జరగలేదు. అప్పటి నిబంధన ప్రకారం ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. ఆ తర్వాతే, ఓడ కదలకముందో కదిలిన వెంటనో డ్రిల్ జరపాలని అంతర్జాతీయ నిబంధన మార్చారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. ఈ గుర్తు అమ్మకు తెలుగులో చెప్పండి. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపించండి.

కడుపు తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుందాం అనుకోకండి. మన బస్సు ప్రయాణాల ఆవోమిన్ అయినా, అమెరికాలో దొరికే మెక్లిజిన్ అయినా ముందే వేసుకుంటేనే పని చేస్తుంది. ప్రొస్టేట్ ఇబ్బంది, గ్లకోమా ఉన్న పెద్దవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాలి. ఖాళీ కడుపుతో పడుకోబెడితే ఇంకా తిప్పుతుంది. కాస్త పెరుగన్నం తినిపించి, మధ్య డెక్ మీద దూరాన ఆకాశం నీళ్లను తాకే గీతను చూస్తూ కూర్చోబెట్టండి.

శాకాహారులు మొదటి రాత్రే డైనింగ్ హాల్ హెడ్ వెయిటర్‌ను కలిసి మాట్లాడండి. చాలా ఓడల వంటశాలల్లో మనవాళ్లు ఉంటారు. ముందురోజు చెబితే పప్పు, కూర, చపాతీ మర్నాటికి సిద్ధం చేసే ఓడలు తక్కువేం కాదు. డ్రింక్స్ ప్యాకేజీ కొనకండి. చాలా కంపెనీలు గదిలో ఒక పెద్దవారు కొంటే మిగతా పెద్దవాళ్లూ కొనాలంటాయి. అమ్మ తాగేది టీ, మంచినీళ్లు. అవి బఫేలో ఊరికే వస్తాయి. బఫే దగ్గర శానిటైజర్ రుద్దుకుని తృప్తి పడకండి. ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ మీద ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బుతో చేతులు కడగడమే దారి.

"కౌంటర్‌లో చెప్పి బిల్లులో కలిపే టిప్పులు తీయించేయండి, డబ్బు మిగులుతుంది" అనే సలహా కూడా వింటారు. దయచేసి ఆ పని చేయకండి. మీ గది సర్దే మనిషి నెలల తరబడి ఇంటికి దూరంగా, వారానికి ఏడు రోజులూ పని చేస్తుంటాడు. నావికుల పని మీద 2006లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందమే వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చంటుంది. ఆ కుర్రాడు గోవావాడో కేరళవాడో ఫిలిప్పీన్స్‌వాడో, ఎవరైనా సరే, ఏడు రోజులు మీ అమ్మానాన్నలను చూసుకునేది అతనే. టికెట్ కొనేటప్పుడే ఆ డబ్బు కూడా లెక్క వేసుకోండి.

ఏదైనా ఒక ఊళ్లో దిగకుండా ఓడలోనే ఉండండి. అన్ని ఊళ్లూ దిగితే పెద్దవాళ్లు మూడో రోజుకే అలసిపోతారు. స్కాగ్వే జనాభా పన్నెండు వందల పైచిలుకు. నాలుగైదు ఓడలు కలిసి వచ్చిన రోజున వేలమంది ఒకే వీధిలోకి దిగుతారు. ఇంకో రేవు కెచికాన్‌లో ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా వాన పడుతుంది. అందరూ ఊళ్లోకి దిగాక ఓడ ఖాళీ అవుతుంది. వెచ్చటి నీళ్ల కొలను, అద్దాల గోడ పక్కన కుర్చీలు, చదువుకునే గది అన్నీ మీవే. అమ్మ కాళ్లు చాపుకుని ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. రేవులో అయితే ఒడ్డు సిగ్నలే దొరుకుతుంది. ఓడ రేవు విడిచాక మాత్రం ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే అది ఓడ సొంత ఉపగ్రహ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, బిల్లు చూసి గుండె జారుతుంది.

దిగిన ఊళ్లో గడియారం జాగ్రత్త. అలాస్కా సమయం సియాటిల్ కంటే గంట వెనక. ఫోన్ తనంతట తాను మారిపోతుంది, ఓడ గడియారం మారొచ్చు, మారకపోవచ్చు. నాన్నగారి చేతివాచీని ఓడ సమయానికి తిప్పి దాన్నే నమ్మండి. 2024 మార్చిలో సావో తోమే దీవిలో సొంతంగా టూర్‌కు వెళ్లి ఆలస్యమైన ఎనిమిది మందిని వదిలేసి నార్వీజియన్ డాన్ అనే ఓడ వెళ్లిపోయింది. దాన్ని అందుకోవడానికి వాళ్లు పశ్చిమాఫ్రికాలో దేశాలు దాటుతూ సెనెగల్ దాకా పోవాల్సి వచ్చింది. ఓడవాళ్లే నడిపే టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయట చవగ్గా దొరికే టూర్‌కు ఆ భరోసా లేదు. నడక నెమ్మదైన పెద్దవాళ్లతో వెళ్తే ఆ తేడా డబ్బు పెట్టదగ్గదే.

చివరి రాత్రి పెట్టెలు గుమ్మం బయట పెట్టమంటారు, సిబ్బంది తీసుకెళ్లి ఒడ్డున ఉంచుతారు. మర్నాడు కట్టుకునే చీర, మందులు, పాస్‌పోర్టులు, చెప్పులు పెట్టెలోకి పోకుండా చూసుకోండి. తెల్లారి అందరికన్నా ముందు దిగాలని లైన్లో నిలబడకండి. అమ్మానాన్నలకు టిఫిన్ పెట్టించి మీ వంతు పిలిచాక దిగండి. ఇమిగ్రేషన్ వరస పూర్తయ్యేసరికి ఎంతసేపవుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అందుకే ఆ రోజు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే చూసుకోండి.