కుర్రాడి భవిష్యత్తుకు రేటు కట్టడం ఎలా? (తుళ్లూరు పద్ధతి)

అమెరికాలో ఏటా ఎన్‌బీఏ జట్లు కుర్ర బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అక్కడ బేరం జరిగేది ఇవాళ్టి ఆటకు కాదు, రేపటి ఆశకు. ఆశకు రేటు కట్టడంలో మనకున్న అనుభవం వాళ్ళకెక్కడిది? ఇక్కడ రాజధాని వస్తుందన్న 2014 చివరి నుంచి తుళ్లూరు సెంటర్లో టీ తాగుతున్నవాడెవడైనా ఈ పనికి అర్హుడే. పద్ధతి ఇదీ.

1. ముందు పళ్ళు చూడండి. బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తల్ని పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని విడదీసినట్టే ఇక్కడా వయసే మొదటి లెక్క. పందొమ్మిదేళ్ళవాడు తడబడితే "ఇంకా ఎదుగుతాడులే" అనండి. ఇరవై రెండేళ్ళవాడు ఇరగదీస్తే "ఇంతకంటే ఏం ఎదుగుతాడు" అని పెదవి విరవండి. రెంటిలోనూ ఆట చూడాల్సిన పని లేదు.

2. టేపు తీయండి. డ్రాఫ్ట్‌కు ముందు షికాగోలో ఎత్తు, చాచిన చేతుల పొడవు, ఎగిరే ఎత్తు అన్నీ కొలుస్తారు. 2007లో కెవిన్ డ్యురాంట్ బెంచీ మీద పడుకుని సుమారు 84 కిలోల బరువు ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. మీరైతే అక్కడే కొట్టేసి ఉండాల్సింది. సియాటిల్ వాళ్ళు రెండో స్థానంలోనే తీసుకున్నారు. 2014లో లీగ్ ఉత్తమ ఆటగాడు అతనే. బరువులెత్తే విషయంలో మాత్రం మీ మాటే నెగ్గుతుంది.

3. ఏదో ఒక పెద్ద పేరు తగిలించండి. మన రాజధాని అమరావతికి సింగపూర్ పేరు తగిలించలేదూ? 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో దానికి శంకుస్థాపన. అదే ఏడాది జూన్‌లో పంజాబ్ పల్లెటూరి కుర్రాడు సత్నాం సింగ్‌ను డాలస్ మావరిక్స్ 52వ స్థానంలో ఎంచుకుంది. డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు, ఏడడుగుల రెండంగుళాల మనిషి. అతనికి ఏకంగా దేశం పేరే తగిలించి ఆశలు పెట్టుకున్నాం. అతను ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

4. చెప్పేది గట్టిగా చెప్పండి. 2013లో అందరికంటే ముందు పిలిచిన పేరు ఆంథొనీ బెన్నెట్. నాలుగు సీజన్లకే అతని ఎన్‌బీఏ ఆట ముగిసింది. పదిహేనో పేరు యానిస్ అడెటొకుంపో. 2021లో మిల్వాకీకి టైటిల్ తెచ్చిపెట్టాడు. అంత దూరం దేనికి? 2022 డిసెంబరు ఐపీఎల్ వేలంలో గుంటూరు కుర్రాడు షేక్ రషీద్, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఇద్దరూ 20 లక్షలకే పోయారు. 2025 సీజన్‌కు నితీశ్ రేటు 6 కోట్లు. రషీద్‌కు తొలి మ్యాచ్ దక్కిందే ఆ ఏడాది ఏప్రిల్‌లో. ఇద్దరికీ ఒకే రేటు కట్టినవాళ్ళూ నిపుణులే. ఎవరైనా నిలదీస్తే "నేనప్పుడే అన్నా" అనండి. ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు.

5. మాట మార్చడం సాధన చెయ్యండి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఇక్కడ గజం రేటు కూలింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్ళీ లేచింది. ఈ మధ్యలో నేల అంగుళం కూడా జరగలేదు. కుర్రాడి విషయమూ అంతే. మోకాలి నొప్పని పుకారు వస్తే దించండి, ఫోన్లో ఓ వీడియో తిరిగితే పెంచండి.

6. ఇక కుర్రాడికో మాట. మొదటి రౌండ్లో ఎంపికైతే తొలి రెండేళ్ళ జీతానికే హామీ, ఆపై రెండేళ్ళు జట్టు ఇష్టం. రెండో రౌండైతే అదీ లేదు. ఇక్కడ రాజధాని కోసం జరిగిన భూసమీకరణలో రైతులు ఎకరా మెట్టకు 30 వేలు, సారవంతమైన జరీబుకు 50 వేలతో మొదలుపెట్టి, ఏటా పెంపుతో పదేళ్ళ కౌలు రాయించుకున్నారు. కాబట్టి బాబూ, సంతకం పెట్టేముందు ఏజెంటుతో పాటు తుళ్లూరు రైతును కూడా అడుగు. నీ రేపటి మీద బేరాలాడేవాళ్ళు బోలెడుమంది. అది తేలేదాకా నీ తిండి ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకో. ఆ డబ్బు సమయానికి పడుతుందా అంటావా? దానికి వేరే గైడు రాయాలి.