గుట్టు బాబాయి

మా బాబాయి రాజ్యాంగంలో ఉన్నది ఒకటే అధికరణం: ఇంటి గుట్టు లంకకు చేటు. లంకలో తమ్ముడొక్కడికి గుట్టు తెలిస్తేనే అంత పని జరిగింది, మనింట్లో పెళ్లాం, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు కలిసి ఐదుగురు విభీషణులున్నారు కదా అని ఆయన లెక్క. అందుకని తన దగ్గర ఎంతుందో, అది ఎక్కడుందో ఇంతవరకూ నోరు జారలేదు. ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు, పెదనాన్న రూపంలోనో మావయ్య రూపంలోనో. బీరువా తాళం మొలతాడుకు కట్టుకుని స్నానానికి వెళ్లేది వీళ్లే.

అలాగని బాబాయికి ముందుచూపు లేదనుకునేరు. ఉన్నదంతా అదే. ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం. బదిలీ మీద ఏ ఊళ్లో దిగినా ముందు రెండు పనులు చూసుకునేవాడు: పాలు వాడుక పెట్టుకోవడం, బ్యాంకులో ఖాతా తెరవడం. ఊరు వదిలేటప్పుడు పాలవాడి లెక్క తీర్చేవాడు గానీ ఖాతా మూసేవాడు కాదు. ‘ఉండనీరా, ఒక మూల పడుంటుంది’ అనేవాడు. ఆ విధంగా నరసన్నపేట నుంచి మార్కాపురం దాకా ఆయన డబ్బు మూలమూలలా పడుంది. ఇవికాక ఎల్‌ఐసీ బాండ్లు, పోస్టాఫీసు పత్రాలు, తోడల్లుడు రాసిచ్చిన ప్రోనోటు. మూడేళ్లు తిరిగేలోగా ప్రోనోటు మీద చెల్లు వేయించుకోకపోతే కాలదోషం పడుతుందని బాబాయికి తెలియక కాదు. చెల్లు వేయించాలంటే నోటు బీరువాలోంచి తీయాలి, తీస్తే పిన్ని కంట పడుతుంది. వడ్డీ సరే, గుట్టు కోసం అసలే వదులుకున్న మహానుభావుడు!

లెక్కలన్నీ మాత్రం ఒక డైరీలో రాసి పెట్టాడు. ‘న.పే. 2, చి. పాప పె.’ అని ఉంటుంది. నరసన్నపేటలో రెండు వేలా, రెండు లక్షలా, లేక రెండో ఖాతానా? అడిగితే ‘నాకు తెలుసులే’ అంటాడు. ఆ పాపకి పెళ్లయి, ఆ పాపకో పాప పుట్టి, బడికి కూడా వెళుతోంది. ఈమధ్య బాబాయి కూడా ఆ పేజీ దగ్గర ఆగి భూతద్దంతో చాలాసేపు చూస్తున్నాడు. చూపు ఆనడం లేదంటాడు. మేమూ అదే అనుకుంటున్నాం.

‘పోనీ, నామినీ ఎవరు బాబాయ్?’ అన్నాను ఒకసారి.

‘అమ్మ.’

అంటే మా నాయనమ్మ. ఆవిడ సంవత్సరీకాలు దాటి చాలా కాలమైంది. మొదటి జీతంతో ఖాతా తెరిచినప్పుడు ఆవిడ పేరు రాశాడు. ఊళ్లు మారినా ఆ పేరు మారలేదు. మార్చమంటే ‘అమ్మ పేరు నా చేత్తో కొట్టేయమంటావురా?’ అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చని ఆశ చూపించాను. కాసేపు ఆలోచించి, ‘అమ్మని ఉంచి మిగతా ముగ్గుర్నీ చేర్చొచ్చా?’ అన్నాడు. నామినీ అంటే సొమ్ము చేతికి తీసుకుని వారసులకి అప్పగించే మనిషే తప్ప సొంతదారు కాదని, బీమా విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఆ మాట చెప్పిందని, షేర్ల విషయంలో 2023లో మళ్లీ చెప్పిందని వివరించాను. ‘మరింకేం? అమ్మ ఎవరి సొమ్మూ తినే మనిషి కాదు’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంత గుట్టునీ రట్టు చేసింది ఇంట్లో విభీషణులు కాదు, రిజర్వు బ్యాంకు. పదేళ్లు ఎవరూ కదపని ఖాతాల్లోని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తాయి. ఖాతాదారో వారసులో వెళ్లి అడిగితే తిరిగి ఇస్తారు. అలాంటివి వెతుక్కోవడానికి 2023లో ‘ఉద్గమ్’ అని ఒక పోర్టల్ తెచ్చారు. డాలస్‌లో ఉన్న కొడుకు ఒక రాత్రి నిద్రపట్టక అందులో తండ్రి పేరూ పుట్టిన తేదీ కొట్టాడు. సర్టిఫికెట్లో ఉన్న తేదీయే లెండి, అసలు తేదీ కూడా గుట్టే. మూడు ఖాతాలు బయటపడ్డాయి. ఆ సంగతి వాట్సాప్‌లో కుటుంబం గ్రూపుకెక్కగానే పిన్ని వేంకటేశ్వరస్వామికి దండం పెట్టింది, బాబాయి మంచమెక్కాడు. ‘కట్టుకున్నదానికే చెప్పని సంగతి సర్కారు టముకు వేసింది’ అంటూ రెండ్రోజులు మజ్జిగన్నంతో సరిపెట్టాడు.

లేచాక వీలునామా రాశాడు. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలనేసరికి ఆయనకి ఉత్సాహం వచ్చింది. చిక్కల్లా ఇద్దరు సాక్షుల దగ్గరే. లోపలేముందో సాక్షులకి తెలియాల్సిన పని లేదు గానీ, ఆయన సంతకం చేయడం వాళ్లు చూడాలి. లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయనైనా వాళ్లతో చెప్పాలి. బాబాయి తలుపులేసుకుని ముందే సంతకం చేసేసి, దాని మీద కూడా పేపరు కప్పి, అడుగున రెండంగుళాలు మాత్రం వదిలాడు. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు చదవకుండా ప్రోగ్రెస్ కార్డు మీదే సంతకం పెట్టలేదట, ఇక్కడ పెడతాడా? వెళ్లిపోయాడు. మేడ మీద అద్దెకున్న కుర్రాడు గ్యాస్ కనెక్షన్ కాగితమనుకుని పెట్టేశాడు.

ఇది చెల్లదని ఒక ప్లీడరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఓపికమంతుడు. ‘రిజిస్ట్రేషను తప్పనిసరి కాదండీ. అంత రహస్యం కావాలంటే కవర్లో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు. మీరు ఉన్నన్నాళ్లు ఎవరికీ చూపించరు’ అన్నాడు. బాబాయి ముఖం వెలిగిపోయింది. బ్రిటిషువాడు 1908లోనే తనలాంటివాణ్ణి తలచుకుని చట్టం రాశాడని మురిసిపోయాడు.

‘కవరు మీద మాత్రం మీ పేరు రాయాలి. లోపల ఉన్నది వీలునామా అని కూడా రాయాలి’ అన్నాడు ప్లీడరు.

బాబాయి లేచి నిలబడ్డాడు. ‘ఎవరిదో బయట రాసి, ఏమిటో బయట రాసి, ఇంక సీలు దేనికయ్యా, అందానికా?’ అని కవరు సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. ప్లీడరుకి ఎంతిచ్చాడో ఇంతవరకూ పిన్నికి చెప్పలేదు.